మా మామ మీద నేను పెట్టిన కల్లు కేసు

బోనాల పండుగనాడు, మా మామగారింట్లోనే, వాళ్ళు వడ్డించిన మటన్ తిని, చేయి కూడా కడుక్కోకుండా లేచి నిలబడి, "ఈయన మా కుక్కకు కల్లు పోస్తున్నాడు" అని నలభై మంది చుట్టాల ముందు చెప్పిన అల్లుణ్ణి నేనే. ఆగండి, అప్పుడే నవ్వకండి. నా దగ్గర సాక్ష్యాలున్నాయి. వాసనతో సహా ఉన్నాయి. మొత్తం విన్నాక, నా స్థానంలో మీరుంటే ఏం చేసేవారో చెప్పండి. నాకంటే తెలివిగానే చేసేవారని నాకు తెలుసు. అయినా వినండి.

పోచారం ఆఫీసులో నా పక్క సీటు మిత్రుడు ఒక బోర్డర్ కోలీని తెచ్చుకుని, పెంచలేక నాకు అంటగట్టాడు. గొర్రెల మందలను తోలడానికి పుట్టిన జాతి అది. "చాలా తెలివైంది రఘూ, చెప్పిన పనల్లా చేస్తుంది" అన్నాడు. పని చెప్పకపోతే ఏం చేస్తుందో మాత్రం చెప్పలేదు. దాని పేరు చెర్రీ. నాచారంలో మా మూడో అంతస్తు ఫ్లాట్‌కి వచ్చిన వారంలోపే సోఫాను దూది దూదిగా పీకింది. వాషింగ్ మెషీన్ తిరుగుతుంటే దాని చుట్టూ తానూ తిరిగింది. మమ్మల్ని చూడ్డానికి వచ్చిన ఐదుగురు చుట్టాలను ఒక్కొక్కరినీ బాల్కనీ మూలకు తోలి, అందరూ ఒకచోట చేరాక గుమ్మంలో కాపలా పడుకుంది. పాపం వాళ్ళు టీ అక్కడే తాగారు.

పొద్దున గంట, సాయంత్రం గంట దాన్ని పరుగెత్తించేవాణ్ణి. ఇంటికొచ్చి నేను నేల మీద వెల్లకిలా పడితే, అది నా పక్కన నిలబడి తోక ఊపుతూ, అసలు పరుగు ఎప్పుడు మొదలు పెడదామన్నట్టు నా ముఖంలోకి చూసేది.

నా భార్య స్వప్నదీ మా ఆఫీసే. చిల్కానగర్ పాత ఊరివాళ్ళ పిల్ల. మాటల్లో నాన్చుడు ఉండదు. "సూడు రఘూ, ఇంకొక్క సోఫా చిరిగిందనుకో, ఇది మళ్ళ పోచారం పోతది. దీంతోని పోవాలనుంటే నువ్వు గూడ పో" అంది. అప్పటికి నాకు ఆ కుక్క మీద ప్రాణం. ఎందుకని అడగకండి. రోజంతా ఎవరూ లెక్కచేయని మనిషికి సాయంత్రం గుమ్మంలో ఒక ప్రాణి అంత సంబరంగా ఎదురొస్తే మీకూ అలాగే ఉంటుంది.

అదిగో, ఆ కష్టకాలంలో ముందుకొచ్చాడు మా మామ మల్లేశం. ఒకప్పుడు పొలం, పాడి చూసుకున్న మనిషి. మా అత్తగారు పోయారు, ఈయనకు మోకాలి ఆపరేషన్ అయింది, ఇప్పుడు చిల్కానగర్ ఇంట్లో టీవీ ముందు కాలక్షేపం.

"ఏం కుక్క ఇది అల్లుడా?"

"బోర్డర్ కోలీ మామయ్యా."

"బార్డర్ల ఉండాల్సినదాన్ని తెచ్చి ఇంట్ల కట్టేస్తె ఊకుంటదా? మీరు డ్యూటీకి పోయినంక నేనొచ్చి కూసుంట తీ. నాకేం పని? అదీ ఖాళీ, నేనూ ఖాళీ."

అంతే, వారం తిరిగేసరికి అద్భుతం జరిగింది. సాయంత్రం మేం తాళం తీసేసరికి చెర్రీ నాలుగు కాళ్ళు చాపుకుని పడి నిద్రపోతూ ఉండేది. తోక రెండుసార్లు నేలకు కొట్టి, వచ్చారా, సరే, అన్నట్టు మళ్ళీ కళ్ళు మూసుకునేది. సోఫా క్షేమం. స్వప్న క్షేమం. ఇంకొకడైతే దేవుడికి దండం పెట్టుకుని ఊరుకునేవాడు. నేను సాఫ్ట్‌వేర్ టెస్టర్ని. ఎవడైనా "అంతా బాగానే పనిచేస్తోంది" అన్నాడంటే, వాడు ఎక్కడో ఏదో దాచాడని తేల్చడమే నా వృత్తి.

"మామయ్యా, పగలంతా ఇది ఏం చేస్తుంది?" అని అడిగాను.

"ఏం జేస్తది? కూసుంటది. నేను సీరియల్ సూస్త, అది నన్ను సూస్తది."

కూర్చుంటుందట! బోర్డర్ కోలీ ఐదు గంటలు కూర్చుని సీరియల్ చూసే మనిషిని చూస్తుందట! ఆ మాటతో నాకు అనుమానం మొదలైంది.

మర్నాడు చెర్రీ మూతి దగ్గర ముద్దు చేయబోయి ఆగిపోయాను. పుల్లటి వాసన. మూతి చుట్టూ, మెడ కింద తెల్ల బొచ్చులో, పులిసిపోయిన వాసన. నేను రైల్వే క్వార్టర్స్‌లో పెరిగినవాణ్ణి. మా నాన్నది బెజవాడ వైపు, ఆయనకు మజ్జిగ కూడా పులవకూడదు. నా జీవితంలో ఆ వాసన తెలిసింది ఒక్కచోటే. ఉప్పల్ దారిలో కల్లు కాంపౌండు ముందు నుంచి పోతున్నప్పుడు.

"స్వప్నా, ఇలా వచ్చి దీని మూతి వాసన చూడు."

"నాకింకేం పనిలేదా?" అంటూనే వచ్చి వాసన చూసింది. వంగి ఇంకోసారి చూసింది. తర్వాత "పెరుగన్నం తిన్నదేమో" అని వంటింట్లోకి పోయింది. తండ్రిని వెనకేసుకొస్తోందనుకున్నాను. చూశారా, ఈసరికే భార్య కూడా నా అనుమానితుల జాబితాలో చేరిపోయింది.

పుస్తకాల అరలో చిన్న కెమెరా పెట్టాను. ఆఫీసులో కూర్చుని ఫోన్‌లో చూస్తే, పదింటికి మామ వచ్చాడు, భుజం మీది తువ్వాలు తీశాడు, సరిగ్గా కెమెరా మీద ఆరేశాడు. ఆ తర్వాత నాకు కనిపించిందల్లా ఎర్ర గళ్ళే. మర్నాడు కెమెరాను ఫ్రిజ్ మీదికి మార్చాను. తువ్వాలు ఫ్రిజ్ మీదికి వచ్చింది. మూడో రోజు దేవుడి పటం పక్కన పెడితే, దేవుడికి దండం పెట్టుకుని మరీ అక్కడ వేశాడు. ఇంత లెక్కగా తువ్వాలు ఆరేసే మనిషి అమాయకుడంటే మీరు నమ్ముతారా?

ఇక వాచ్‌మన్‌ని పట్టుకున్నాను. "మీ మామనా సార్? పది కొట్టంగనే కుక్కను మోపెడ్ ముందట నిలబెట్టుకోని పోతడు గద. మూడింటికి మళ్ళొస్తడు. కుక్క మస్తు కుషీగ నిలబడ్తది సార్, జర సూడాలె మీరు" అన్నాడు.

కుషీగా ఎందుకు నిలబడదు? ఆ తర్వాతి వారం ఒక రోజు సెలవు పెట్టి ఉప్పల్ దారిలో ఆ కాంపౌండు దగ్గర కాపు కాశాను. పదిన్నరకు మా మామ మోపెడ్ కల్లు కాంపౌండు గోడ పక్కనే ఆగి ఉంది. మామ లేడు, కుక్కా లేదు. పక్కన దాణా దుకాణం ఒకటి ఉంది గానీ, నేర పరిశోధనలో ఉన్నవాడు దాణా దుకాణం వైపు చూస్తాడా? ఫోటో తీసుకుని వచ్చేశాను.

చివరిగా శాస్త్రీయంగా కూడా నిర్ధారించుకుందామని చెర్రీని పశువుల డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాను.

"డాక్టర్ గారూ, కుక్క కల్లు తాగితే ఎలా తెలుస్తుంది?"

ఆయన స్టెతస్కోపు చెవుల్లోంచి తీసి నన్ను కింది నుంచి పైదాకా చూశాడు. "ఎవరు పోసిన్రు?"

"నేను కాదండీ, ఒక ఫ్రెండు..."

"ముందుగాల ఆ ఫ్రెండును తీస్కరాండ్రి, సూస్త." చెర్రీ తొడలు నొక్కి చూశాడు. "దీనికేమైంది సార్, గుర్రమోలె ఉన్నది. కండలు సూడుండ్రి. దినాం మస్తు ఉరుకుతదా?"

"లేదండీ, దినమంతా పడుకుంటుంది."

"పడుకుంటె గిట్ల కండలొస్తె నేను గూడ పడుకుందు" అని పంపించేశాడు. అసలు గుట్టు ఆ మాటలోనే ఉంది. నేను మాత్రం డాక్టరు కూడా మామకు తెలిసినవాడేమోనని ఆలోచిస్తూ ఇంటికొచ్చాను.

ఇక బోనాలు వచ్చాయి. చిల్కానగర్‌లో మామ ఇంటి ముందు షామియానా వేశారు. మేనత్తలు, చిన్నాయనలు, వాళ్ళ పిల్లలు, అందరూ ఉన్నారు. భోజనాల దగ్గర మామ ఒక గ్లాసు కల్లు పోసుకుని పక్కన పెట్టుకున్నాడు, పండుగ పూట అందరూ పోసుకున్నట్టే. చెర్రీ వచ్చింది. ఆ గ్లాసులో మూతి పెట్టి వాసన చూసింది.

నా బుర్రలో ఏదో తెగింది. లేచి నిలబడ్డాను.

"చూశారా? అందరూ చూశారా? అలవాటు పడింది!"

"ఏంది అల్లుడా?" అన్నాడు మామ.

"మీరే చెప్పండి మామయ్యా. రోజూ పదింటి నుంచి మూడింటి దాకా దీన్ని మోపెడ్ మీద ఎక్కడికి తీసుకెళ్తున్నారు? ఇంట్లో కూర్చుంటున్నాం అన్నారు కదా? ఇదిగో ఫోటో. కల్లు కాంపౌండుకే కదా? దీనికి కల్లు పోసి పడుకోబెడుతున్నారు, అవునా కాదా?"

ముద్ద నోటి దాకా పోయినవాళ్ళు అక్కడే ఆపారు. మామ నా వైపు చూడలేదు. స్వప్న వైపు చూశాడు. ఆమె చేతిలో గరిటెతో నిలబడి ఉంది.

"బాపూ, యాడికి తీస్కపోతున్నవ్?" అంది మెల్లగా.

మామ నేల చూశాడు. "అల్లుడు చెప్పినకాడికే బిడ్డ. కల్లు కాంపౌండుకే. జరంత పోసిన" అన్నాడు.

ఒప్పుకున్నాడు! నా అనుమానం నిజమైన మొదటి రోజు, బహుశా చివరి రోజు కూడా అదే. మేనత్త ముక్కున వేలేసుకుంది. "ఓ మల్లేశా, నీ కడుపు సల్లగుండ, మా మొగోళ్ళకే దొర్కుతలేదురా మంచి కల్లు, నువ్వు కుక్కకు పోస్తివా!" ఇంకొకాయన, "తాటి కల్లా, ఈత కల్లా?" అని వివరాల్లోకి దిగాడు. నేను మాత్రం గెలిచినవాడిలా ఛాతీ విరుచుకుని నిలబడ్డాను. చేతికి మటన్ పులుసు ఇంకా అలాగే ఉంది.

స్వప్న గరిటె కింద పెట్టింది. "సరే బాపూ. రేపటిసంది నువ్వు మా ఇంటికి రావద్దు."

"సరే బిడ్డ" అన్నాడాయన. అంతే. వాదించలేదు. కోపం కూడా రాలేదు. ఆ 'సరే' నాకు కొంచెం ఎక్కడో గుచ్చుకుంది గానీ, గెలుపు మత్తులో ఉన్నాను.

ఆ మత్తు రెండు రోజుల్లో దిగింది. చెర్రీ మళ్ళీ పాత చెర్రీ అయిపోయింది. కాదు, అంతకంటే ఘోరం. పదింటికి తలుపు దగ్గర నిలబడి ఏడుపు. ఇంట్లోంచి పనిచేస్తుంటే నా కుర్చీని కాళ్ళతో నెట్టి, నన్ను కుర్చీతో సహా స్వప్న పక్కకు చేర్చి, ఇద్దరం ఒకచోట ఉన్నామని తృప్తి పడేది. లిఫ్ట్ దగ్గర ముగ్గురు ఆడవాళ్ళను గోడకు ఆనించి అరగంట కదలనివ్వలేదు. వాళ్ళలో ఒకావిడ మా అపార్ట్‌మెంట్ సెక్రటరీ. గురువారం కొత్త సోఫా పోయింది.

స్వప్న చిరిగిన సోఫా అంచున కూర్చుని నిదానంగా చెప్పింది. "ఆదివారం పొద్దుగాల దీన్ని పోచారంల ఇచ్చిరా. నువ్వేమన్న చెప్పేదుంటె ఇప్పుడే చెప్పు."

చెప్పడానికి నా దగ్గర ఏముంది? మామను నేనే తరిమేశాను. ఆదివారం చెర్రీని స్కూటర్ ముందు నిలబెట్టుకుని బయల్దేరాను. అది మాత్రం ఎక్కడికో పండక్కి పోతున్నట్టు చెవులు నిలబెట్టి నిలబడింది.

ఉప్పల్ దాటి, బోడుప్పల్ దగ్గర ట్రాఫిక్ ఆగింది. చెర్రీ ఒక్కసారి గాలిని పీల్చి, ఒక్క దూకు దూకి, పక్క సందులోకి పరుగో పరుగు. నేను స్కూటర్ అక్కడే పారేసి వెంటపడ్డాను. కొత్త అపార్ట్‌మెంట్లు దాటి, సగం కట్టిన గోడలు దాటి, పిచ్చి చెట్లు మొలిచిన ఖాళీ ప్లాట్ల దగ్గరికి చేరేసరికి నాకు ఊపిరి లేదు. అక్కడ రేకుల షెడ్డు ఒకటి, లోపల కట్టేసిన చిన్న దూడ ఒకటి ఉన్నాయి. షెడ్డు ముందు, ఒక కాలు ఎత్తి రాయి మీద పెట్టుకుని, మోకాలు పట్టుకుని కూర్చుని ఉన్నాడు మా మామ. ముళ్ళ కంపల అవతల, పిలిచినా రాకుండా, మూడు బర్రెలు మేస్తున్నాయి.

"సెర్రీ, పో బిడ్డ, తోల్కరా" అన్నాడు మామ, నన్ను చూడకుండానే.

చెర్రీ నేలకు పొట్ట ఆనిస్తూ పెద్ద చుట్టు చుట్టి బర్రెల వెనక్కి పోయింది. అరవలేదు, కరవలేదు. ఒకటి పక్కకు మళ్ళితే ఎదురుగా నిలబడి చూసింది, అంతే. ఆ కొండంత బర్రె తల దించుకుని వరసలోకి వచ్చింది. ఐదు నిమిషాల్లో మూడూ షెడ్డులో ఉన్నాయి. పని ముగించి చెర్రీ తిన్నగా పోయి, షెడ్డు పక్కనున్న సిమెంటు తొట్టిలో మూతి ముంచి జుర్రుకుంది. నేను వంగి వాసన చూశాను. అదే వాసన.

"ఇదేంటి మామయ్యా?"

మామ అప్పుడు చూశాడు నన్ను. ముఖం పాలిపోయింది. "కుడితి అల్లుడా. బియ్యం కడిగిన నీళ్ళు, గంజి, తౌడు, కూరగాయల తొక్కలు. బర్రెలకు పెడ్తం. మీ రైల్వేల ఉండదా?"

మా రైల్వేలో ఉండదు. ముప్పై నాలుగేళ్ళ నా జీవితంలో కుడితి వాసన ఒక్కసారీ చూడలేదు. ఆ ఒక్క తెలియనితనం మీద కేసు కట్టి ఒక పెద్దమనిషిని నలభై మంది ముందు నిలబెట్టాను.

"మరి కల్లు కాంపౌండు దగ్గర బండి?"

"పక్కన దుకాణంల తౌడు తెస్త. కుక్క నా ఎంబడి లోపటికొస్తది."

"కెమెరా మీద తువ్వాలు?"

"గది కెమెరానా? ఆ బుడ్డకన్ను నన్నే సూస్తుండె. ఏందో అని కప్పిన."

"మరి పోశానని ఎందుకు ఒప్పుకున్నారు?"

మామ బర్రె వీపు నిమిరాడు. "ఇవి మీ అత్త సాదినయి అల్లుడా. ఇది రాజి. ఇది సింగారి. ఆపరేషనైనంక నేనేడ పడ్తనో అని, స్వప్న తన నెత్తి మీద నా చెయ్యి పెట్టించి ఒట్టు ఏపిచ్చుకున్నది, ఇంట్ల బర్రెలుంచనని. అమ్మిన అని చెప్పి మా దోస్తు ప్లాట్ల కట్టేసిన. ఇంట్లనైతె లేవు గద? అయినా దానికి తెలిస్తె, నా మీద ఒట్టు ఏసి తప్పినవా అంటది. గా మాట పడేదాని కన్న కల్లు పోసిండన్న మాట పడుడే నయమనిపిచ్చింది. ఉరికేతందుకు కాళ్ళు లేకుండె, మీ కుక్క దొరికింది. దానికి పని దొరికింది. ఇద్దరం మంచిగుంటిమి." చేతులు జోడించి, "స్వప్నకు చెప్పకు అల్లుడా, నీకు దండం పెడ్త" అన్నాడు.

సిగ్గుతో నా తల తొట్టిలో పెట్టుకుందామనిపించింది. మామ మళ్ళీ మా ఇంటికి రావాలి, లేకపోతే చెర్రీ దక్కదు. ఆయన మీద పడ్డ మచ్చ పోవాలి. బర్రెల మాట మాత్రం బయటికి రాకూడదు. తొట్టి పక్కన నిలబడి ఎంత ఆలోచించినా ఒక్కటే దారి తోచింది.

మామను, చెర్రీని వెంటబెట్టుకుని ఇంటికొచ్చాను. స్వప్న హాల్లో కింద కూర్చుని చిక్కుడుకాయలు తుంచుతోంది. నేను గొంతు సవరించుకున్నాను.

"స్వప్నా, మామయ్య తప్పేం లేదు. చెర్రీకి కల్లు పోసింది నేను."

ఆమె కాయ తుంచుతూనే, "నువ్వా?" అంది.

"నేనే. ఆయన మీదికి నెట్టాను."

మామ తట్టుకోలేకపోయాడు. "లే బిడ్డ, అల్లుడు నా కోసం అంటుండు. నేనే పోసిన."

"కాదు, నేను."

"నువ్వూకో అల్లుడా, నీకు కల్లు యాడ దొర్కుతదో గూడ తెల్వదు."

"ఎన్ని సీసాలు పోసిన్రు?" అంది స్వప్న.

"ఒకటి" అన్నాను నేను. "రెండు" అన్నాడు మామ, అదే క్షణంలో.

స్వప్న ఇంకో కాయ అందుకుంది. "రాజికి పుట్టిన దూడ ఆడిదా, మొగదా బాపూ?"

"ఆడిది బిడ్డ, నొసట తెల్లసుక్క, ఎంత ముద్దు..." అని మామ నోరు మూసుకున్నాడు. ఆలస్యమైపోయింది.

"రెండు నెల్ల కింద జున్ను తెచ్చి, మిఠాయి దుకాణంల కొన్న అంటివి. చిన్నప్పటిసంది మనింటి జున్ను తిన్నదాన్ని, నాకు తెల్వదా? నీ దోస్తును పట్టుకోని అడిగితె, బోడుప్పల్ల కట్టేసినవన్నడు, రాజి ఈనిందన్నడు. గప్పటిసంది సూస్తున్న, నువ్వే చెప్తవేమో అని. పండుగనాడు అందరి ముందట అడిగిన. రావద్దన్న. కుక్కను పంపిస్త అన్న. ఇద్దరు మొగోళ్ళు కుక్కకు కల్లు పోసినమని పోటీ పడి ఒప్పుకుంటున్రు గని, బర్రెలున్నయని ఒక్కరి నోట్లకెళ్ళి వస్తలేదు!" ఆమె కాయలన్నీ పక్కకు నెట్టింది. "నువ్వు ఆ కంపల పడి కాలిరగ్గొట్టుకుంటె నాకెవరున్నరు బాపూ? నన్నొక్కమాట అడగొద్దా?"

"అడిగితె వద్దంటవ్."

"వద్దంట. అయినా అడగాలె."

మామ కూలబడి కూతురి పక్కన కూర్చుని, కళ్ళు తుడుచుకుని, తనూ ఒక చిక్కుడుకాయ తుంచడం మొదలుపెట్టాడు. చెర్రీ మా ముగ్గురి చుట్టూ ఒక చుట్టు తిరిగి, అందరం ఒకచోటే ఉన్నామని లెక్క చూసుకుని పడుకుంది.

తీర్పు అప్పుడే వచ్చింది. బర్రెలు ఉంటాయి. కుక్క ఉంటుంది. మామ కూర్చుని కేకేస్తే చాలు, తోలేది చెర్రీ. కుడితి బకెట్లు మోసేది అల్లుడు, రోజూ పొద్దున, ఆఫీసుకు పోయే ముందు. అప్పీలు లేదు.

నేను లేచి, కుడిచేయి చాచి, కోర్టులో సాక్షిలా నిటారుగా నిలబడ్డాను. "ఇక నుంచి మనిషినైనా, కుక్కనైనా, బర్రెనైనా, వాసన చూసి అనుమానించను. మామయ్య తువ్వాలు ఎక్కడ ఆరేసినా నోరెత్తను. చుట్టాల ముందు నిలబడి మాట్లాడాల్సి వస్తే ముందు చేయి కడుక్కుంటాను. ఇది ఒట్టు!"

"ఎవరి మీద ఒట్టు?" అంది స్వప్న, తలెత్తకుండానే.

"నీ మీదే!"

"నా మీద వద్దు" అంది. "నా మీద ఏసిన ఒట్టు బోడుప్పల్ల గడ్డి మేస్తున్నది."